ట్రిమ్ నొక్కేముందు బ్యాటరీ జరపండి, మాస్టారూ

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి ఫోమ్ బోర్డుతో రేడియో కంట్రోల్ విమానం చేశాం. రెక్క పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. మొత్తం బరువు 850 గ్రాములు. 2212 మోటారు, 1045 ప్రొపెల్లర్, 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, ఫ్లైస్కై ఐ6 రిమోట్ వాడాం. రెక్కలో రెండు సర్వోలు (పలకల్ని కదిలించే చిన్న మోటార్లు), తోక దగ్గర రెండు సర్వోలు ఉన్నాయి. మూడుసార్లు ఎగరేస్తే మూడుసార్లూ పడింది. మొదటిసారి చేతిలోంచి వదలగానే ముక్కు ఎత్తి, ఎడమకి తిరగబడి నేలకి కొట్టుకుంది. రిమోట్‌లో ట్రిమ్ బటన్‌ని కుడికి కాస్త నొక్కి రెండోసారి వదిలాం. మా తరగతి అమ్మాయి ఒకరు రిమోట్ పట్టుకుంది. 20 సెకన్లు ఎగిరింది కానీ ముక్కు పైకీ కిందికీ ఊగుతూ గుర్రంలా గెంతి, చివరికి పడింది. మూడోసారి నేనే తీసుకుని ట్రిమ్‌ని కుడికీ కిందికీ చివరిదాకా నొక్కేశాను. ఈసారి దాదాపు తిన్నగానే ఎగిరింది. దింపుదామని థ్రాటిల్ (మోటారు వేగం) తగ్గించగానే కుడికి వాలి, ముక్కు కిందికి పెట్టి పడిపోయింది. రెక్క విరిగింది. రెక్క కింద వేళ్లు పెట్టి పట్టుకుంటే ముందంచు నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర విమానం సమంగా నిలుస్తోంది, కాబట్టి బ్యాలెన్స్ బాగానే ఉందనుకుంటున్నాను. తప్పు ఎక్కడుంది? కొత్తది కొనుక్కోవడమే మంచిదంటారా?

సమాధానం:

మాస్టారూ, కొత్తది కొనకండి. మీ విమానంలో పనికిరానిది ఏదీ లేదు. రెండు తప్పులున్నాయి, రెండూ సాయంత్రం కూర్చుంటే సరిచేసుకోగలిగినవే. మీరు కొలతలతో సహా, జరిగింది జరిగినట్టు రాశారు కాబట్టే ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన మాట మూడో ప్రయత్నం గురించి రాసింది. మోటారు తిరుగుతున్నంతసేపూ విమానం తిన్నగా పోయింది, మోటారు తగ్గించగానే కుడికి వాలి కిందికి దూసుకుపోయింది. ట్రిమ్ అంటే ఏమిటి? తోకలోనో రెక్కలోనో ఉన్న పలకని శాశ్వతంగా ఒక పక్కకి కాస్త వంచి ఉంచడం. మోటారు తిరుగుతోందా ఆగిందా అనేది ఆ పలకకి తెలియదు. మోటారు ముక్కుని ఎడమకీ పైకీ లాగుతోంది, మీ ట్రిమ్ కుడికీ కిందికీ లాగుతోంది. రెండూ సమానంగా లాగినంతసేపు తిన్నగా ఎగిరింది. మోటారు తన పక్క వదిలేసేసరికి మీ ట్రిమ్ ఒక్కటే మిగిలి విమానాన్ని నేలకి లాగేసింది. మీ వేళ్లు తప్పు చేయలేదు. ట్రిమ్‌తో సరిచేయకూడని దాన్ని ట్రిమ్‌తో సరిచేయాలని చూశారు, అంతే.

అందుకే ఎవరు అడిగినా నేను మొదట వేసే ప్రశ్న ఒక్కటే: మోటారు ఆపితే ఏం చేస్తోంది? మోటారు ఉన్నప్పుడు మాత్రమే పక్కకి పోతుంటే లోపం మోటారు బిగించిన కోణంలో ఉంటుంది. మోటారు ఆపినా అదే పక్కకి పోతుంటే రెక్క మెలిక తిరిగి ఉంటుంది, లేదా ఒక పక్క బరువు ఎక్కువై ఉంటుంది, లేదా పలక నిజంగానే వంకరగా ఉంటుంది. ఏ పక్కకీ నిలకడగా పోకుండా పైకీ కిందికీ ఊగుతుంటే బరువు ఉండాల్సిన చోట లేదని అర్థం. మీ విమానంలో మొదటిదీ, మూడోదీ కలిసి వచ్చాయి.

ముందు బరువు సంగతి చూద్దాం, ఎందుకంటే అది సరి కాకుండా మిగతా ఏదీ సరి కాదు.

రెక్క మధ్యకి దగ్గరగా నిలిస్తే బ్యాలెన్స్ బాగున్నట్టే అని మీలాగే చాలామంది అనుకుంటారు. చూడటానికి అదే న్యాయంగా అనిపిస్తుంది కూడా. కానీ ఇలాంటి సాదా రెక్క మీద ఎత్తే బలం పనిచేసేది ముందంచు నుంచి సుమారు నాలుగో వంతు దగ్గర. అందుకని నేర్చుకునేవాళ్ల విమానానికి గురుత్వ కేంద్రం రెక్క వెడల్పులో 25 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. మీ రెక్క 20 సెంటీమీటర్లు కాబట్టి ముందంచు నుంచి 5 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య. మీది 8 దగ్గర ఉంది, అంటే 40 శాతం. ఈ రెండు సెంటీమీటర్ల తేడాయే ఆ గుర్రపు గెంతులకి కారణం.

బరువు ముందుంటే విమానం తనని తాను సరిచేసుకుంటుంది. ముక్కు కిందికి వంగితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే తోక మీద గాలి గట్టిగా ఒత్తి ముక్కుని మళ్లీ పైకి తెస్తుంది. బరువు వెనక్కి పోయేకొద్దీ ఈ గుణం తగ్గిపోయి, ఒక హద్దు దాటాక పూర్తిగా పోతుంది. అప్పుడు ముక్కు కాస్త లేస్తే ఇంకా లేస్తుంది, కాస్త వంగితే ఇంకా వంగుతుంది. గిన్నెలో గోలీకీ, బోర్లించిన గిన్నె మీద గోలీకీ ఉన్న తేడా మీరు పిల్లలకి ఏటా చెబుతూనే ఉంటారు. పైగా స్టిక్ గోరంత కదిపితే విమానం కొండంత కదులుతుంది. ఆ అమ్మాయి ముక్కు లేచినప్పుడల్లా కిందికి తోసి ఉంటుంది, అది మరీ వంగి ఉంటుంది, భయపడి పైకి లాగి ఉంటుంది. ఆ విమానంతో నాలాంటివాళ్లకి కూడా చెమటలు పడతాయి.

పిల్లలకి చెప్పాలంటే గాలిపటం చాలు. సూత్రం తప్పు చోట కట్టిన గాలిపటాన్ని కింద నిలబడి దారం ఎంత లాగినా, ఎంత వదిలినా నిలబెట్టలేం. దించి సూత్రం మళ్లీ కట్టాల్సిందే. మీరు నొక్కిన ట్రిమ్ ఆ దారం లాంటిది, గురుత్వ కేంద్రం ఆ సూత్రం లాంటిది.

పిల్లలకి ఇంకో మాట కూడా చెప్పండి. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల మొదటి ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు. అదీ పైకీ కిందికీ ఊగుతూనే సాగింది. ఆ తర్వాతి సంవత్సరం చేసిన విమానంలో వాళ్లు ముందు భాగాన ఇనుము పెట్టి బరువుని ముందుకి జరిపి చూశారు. మీ తరగతి అమ్మాయి గుర్రంలా గెంతే విమానాన్ని 20 సెకన్లు గాలిలో ఉంచింది. నేను దీన్ని చిన్న విషయంగా చూడలేను.

ఇప్పుడు లెక్క. మీరు ఫిజిక్స్ మాస్టారు కాబట్టి దీన్ని బోర్డు మీద పిల్లల చేతే చేయించండి. మొత్తం బరువు 850 గ్రాములు. గురుత్వ కేంద్రం 8 నుంచి 5.5కి రావాలి, అంటే 2.5 సెంటీమీటర్లు ముందుకి. 850ని 2.5తో గుణిస్తే 2125. మీ బ్యాటరీని తూచండి, ఆ సైజు బ్యాటరీ సుమారు 180 గ్రాములు ఉంటుంది. 2125ని 180తో భాగిస్తే దాదాపు 12 సెంటీమీటర్లు. బ్యాటరీని 12 సెంటీమీటర్లు ముందుకి జరిపితే చాలు, ఒక్క గ్రాము కూడా కలపక్కర్లేదు.

ముక్కులో అంత చోటు లేకపోవచ్చు. 8 సెంటీమీటర్లే జరపగలిగారనుకుందాం. 180ని 8తో గుణిస్తే 1440 పోయింది, ఇంకా 685 మిగిలింది. ఇక్కడే చాలామంది సీసం ముక్కలు తెచ్చి ముక్కులో అంటిస్తారు. కావాల్సిన చోటు నుంచి 20 సెంటీమీటర్ల ముందు పెడితే 34 గ్రాములు పట్టాలి. పెట్టొచ్చు, టైర్ల షాపులో చక్రాలకి అంటించే సీసం బిళ్లలు సరిపోతాయి. కానీ దానికి ముందు తోక వైపు చూడండి. తోక దగ్గర రెండు సర్వోలున్నాయని రాశారు. ఒక్కోటి 9 గ్రాములు, రెండూ కలిపి 18. వాటిని తీసి రెక్క కిందికి, 38 సెంటీమీటర్లు ముందుకి తెచ్చి, పొడవాటి కడ్డీలతో పలకల్ని కదిలించండి. 18ని 38తో గుణిస్తే 684. అంటే 18 గ్రాముల్ని చోటు మార్చడమూ, 34 గ్రాముల సీసం మోయడమూ ఒకటే. ఆ కడ్డీలకీ కాస్త బరువుంటుంది కాబట్టి ఫలితం ఈ లెక్కకి కొంచెం తగ్గుతుంది. అయినా సీసం కంటే ఇదే మేలు.

అదే కారణం చేత తోక దగ్గర జిగురు విషయంలో పిసినారిగా ఉండాలి. విరిగిన ప్రతిసారీ వేడి జిగురు గన్నుతో పూసుకుంటూ పోతే ప్రతి మరమ్మతుకీ బరువు పెరుగుతుంది, తోక వైపు పూస్తే గురుత్వ కేంద్రం కూడా వెనక్కి పోతుంది. మరమ్మతు చేసిన ప్రతిసారీ మళ్లీ వేళ్ల మీద నిలబెట్టి చూడాలి. రెక్క కింద 5.5 దగ్గర రెండు పక్కలా పెన్నుతో గీత గీసి పెట్టుకోండి. బ్యాటరీ లోపల ఉండగానే చూడాలి. ముక్కు కాస్త కిందికి వాలినా పరవాలేదు, తోక వాలితే మాత్రం ఎగరేయకండి.

ఇక మోటారు. ముందుండి లాగే ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే మామూలుగా గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం విమానం దానికి ఎదురు, అంటే ఎడమకి, తిరగబోతుంది. ప్రొపెల్లర్ వెనక గాలి స్క్రూలా మెలిక తిరుగుతూ వెళ్లి తోకని తగులుతుంది, దానివల్ల కూడా ముక్కు ఎడమకే పోతుంది. ముక్కు ఎత్తినప్పుడు కిందికి దిగే బ్లేడు ఎక్కువ లాగుతుంది, అదీ ఎడమకే. చేతిలోంచి వదిలిన క్షణంలో వేగం తక్కువ, మోటారు పూర్తిగా తిరుగుతుంటుంది, ముక్కు పైకి ఉంటుంది. మూడూ ఒకేసారి పనిచేసేది అప్పుడే. మీ మొదటి ప్రయత్నంలో జరిగింది ఇదే.

మందు ఏమిటంటే మోటారునే కాస్త కుడికీ, కాస్త కిందికీ చూసేలా బిగించడం. కుడికి రెండు మూడు డిగ్రీలు, కిందికి రెండు మూడు డిగ్రీలు చాలు. మోటారు ఆగితే ఈ సవరణ కూడా దానంతటదే ఆగిపోతుంది, ట్రిమ్‌కీ దీనికీ ఉన్న తేడా అదే. మోటారు బిగించిన స్క్రూల కింద వాషర్లు వేస్తే సరిపోతుంది. విమానం వెనక నిలబడి చూసినప్పుడు ఎడమ పక్క స్క్రూల కింద వాషర్లు వేస్తే మోటారు కుడికి తిరుగుతుంది. పై స్క్రూల కింద వేస్తే కిందికి వంగుతుంది. స్క్రూల మధ్య దూరం 4 సెంటీమీటర్లు అయితే 2 డిగ్రీలకి 1.4 మిల్లీమీటర్లు, 3 డిగ్రీలకి 2.1 మిల్లీమీటర్లు ఎత్తాలి. టాన్ పట్టిక తీయించండి. సన్న వాషర్ అర మిల్లీమీటరు మందం ఉంటుంది కాబట్టి మూడు వాషర్లతో మొదలుపెట్టండి.

వాషర్లు వేసేముందు ఒకటి చూసుకోవాలి. 1045 ప్రొపెల్లర్లని డ్రోన్ల కోసం జతగా అమ్ముతారు. ఒకటి మామూలుది, ఇంకోటి ఎదురు తిరిగేది, దాని మీద అంకెల పక్కన ఆర్ అక్షరం ఉంటుంది. మీకు పెట్టెలోంచి ఏది వచ్చిందో చూడండి. మామూలుదే పెట్టాలి, అంకెలున్న వైపు విమానం ముందుకి చూడాలి. వెనక్కి పెట్టినా విమానం కదులుతుంది, కానీ లాగే బలం బాగా తగ్గిపోతుంది. మోటారు తిరిగే దిశ మార్చాలంటే మూడు వైర్లలో ఏ రెండైనా ఒకదాని స్థానంలో ఇంకోటి పెడితే చాలు.

మోటారు పలకని ఫోమ్‌కి వేడి జిగురుతోనే అంటించి ఉంటే ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఎండలకి ఆ జిగురు మెత్తబడుతుంది. ఒకసారి ఏప్రిల్‌లో మధ్యాహ్నం కారులో ఉంచిన నా విమానానికి మోటారు పలక చేత్తో కదిపితే కదిలింది. చూసుకోకుండా ఎగరేసి ఉంటే గాలిలో మోటారు ఏ పక్కకి తిరిగేదో. అప్పట్నుంచి మోటారు పలకకి ఎపాక్సీ జిగురే వాడుతున్నాను, సన్నని చెక్క పుల్లలు కూడా అడ్డంగా గుచ్చుతున్నాను.

రెక్క ఎలాగూ విరిగింది కాబట్టి కొత్తది అంటించేటప్పుడు మెలిక లేకుండా చూడండి. విమానాన్ని బల్ల మీద పెట్టి రెండు మూడు మీటర్లు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి చూడాలి. రెండు రెక్కల వెనకంచులూ ఒకేలా కనిపించాలి. కుడి రెక్క వెనకంచు కిందికి దిగి ఉంటే ఆ రెక్క ఎక్కువ ఎత్తి, విమానం ఎడమకి వాలుతుంది, మోటారు ఆపినా వాలుతుంది, వేగం పెరిగితే ఇంకా వాలుతుంది. ఫోమ్ రెక్క అయితే చేత్తో ఎదురు మెలిక తిప్పి పట్టుకుని, హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా వేడి చేసి, చల్లారేదాకా అలాగే పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత మోటారు షాఫ్టుకి ఒక దారం, తోకకి ఒక దారం కట్టి వేలాడదీయండి. ఒక రెక్క వాలితే రెండో రెక్క కొసన రూపాయి బిళ్ల అంటించండి, మూడు నాలుగు గ్రాములు వస్తుంది. గాలిపటం ఒక పక్కకి వాలుతుంటే రెండో పక్క కాగితం ముక్క అంటించే పిల్లలకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాక రిమోట్ తీయండి. తీయగానే చేయాల్సిన మొదటి పని ట్రిమ్‌లన్నీ మధ్యకి తేవడం. ఇది మరిచిపోతే ప్రమాదం. మీరు కిందికీ కుడికీ చివరిదాకా నొక్కినవి ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడు ముక్కు బరువెక్కింది కాబట్టి ఆ ట్రిమ్‌తో వదిలితే చేతిలోంచి నేరుగా నేలకి పోతుంది. ట్రిమ్ మధ్యలో ఉండగా సర్వో చెయ్యి కడ్డీకి లంబంగా ఉండాలి, పలకలు రెక్కతోనూ తోకతోనూ సమంగా ఉండాలి. లేకపోతే కడ్డీ పొడవు మార్చండి. మీ కడ్డీకి మరలేమీ లేకపోతే మధ్యలో చిన్న వీ ఆకారపు వంపు పెట్టి, నోస్ ప్లయర్‌తో ఆ వంపుని నొక్కితే కడ్డీ పొట్టిదవుతుంది, తెరిస్తే పొడుగవుతుంది.

విమానం వెనక నిలబడి దిశలు చూడండి. స్టిక్ కుడికి అంటే కుడి ఎయిలరాన్ (రెక్క వెనకంచు పలక) పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ (తోకలోని అడ్డ పలక) పైకి లేవాలి. మరమ్మతు తర్వాత సర్వో వైర్లు తారుమారవడం చాలా మామూలు, ఎన్నో విమానాలు దీనికే పోయాయి. కదలికలు కూడా తగ్గించండి. ఎలివేటర్ పైకి ఒక సెంటీమీటరు, కిందికి ఒక సెంటీమీటరు, ఎయిలరాన్‌లు కూడా అంతే, రడ్డర్ (తోకలోని నిలువు పలక) రెండు సెంటీమీటర్లు. తగ్గించాలంటే సర్వో చేతిలో లోపలి రంధ్రం, పలక కొమ్ములో (కడ్డీ తగిలించే చిన్న ముక్కలో) బయటి రంధ్రం వాడాలి. రిమోట్‌లో ఎక్స్‌పో 30 శాతం పెడితే స్టిక్ మధ్యలో మెత్తగా ఉంటుంది. కొన్ని రిమోట్లలో ప్లస్ పెడితే మెత్తబడుతుంది, కొన్నిట్లో మైనస్ పెట్టాలి. తెర మీద గీత మధ్యలో చదునుగా కనిపిస్తే సరైనదే.

మొదట మోటారు లేకుండా జారవిడిచి చూడండి. గడ్డి ఒత్తుగా ఉన్నచోట, ఎదురుగాలికి, తల ఎత్తు నుంచి, ముక్కు రవ్వంత కిందికి ఉంచి ఈటె విసిరినట్టు తిన్నగా విసరాలి. పైకి విసరకూడదు, మెల్లగా వదలకూడదు. పది పదిహేను మీటర్లు తిన్నగా జారి కడుపు మీద ఆగితే విమానం సిద్ధంగా ఉన్నట్టే. ముక్కు ఎత్తి ఆగిపోయి ధబ్‌మని పడితే విసురు నెమ్మదిగా ఉందేమో చూసుకోండి, అది కాకపోతే బరువు ఇంకా ముందుకి రావాలి. నేరుగా ముక్కు పెడితే ఎలివేటర్‌ని ఒక మిల్లీమీటరు పైకి తేండి. ఒకే పక్కకి వాలుతుంటే మళ్లీ రెక్క మెలిక చూడండి. ఇక్కడ అరగంట గడపడం బోరు అనిపిస్తుంది, పిల్లలు మోటారు పెట్టమని గొడవ చేస్తారు. ఒప్పుకోకండి.

మోటారుతో ఎగరేసే రోజున ఉదయం ఏడు గంటలకల్లా మైదానంలో ఉండండి, గాలి ఇంకా లేవదు. విసిరేవాళ్ల వేళ్లు ప్రొపెల్లర్‌కి దూరంగా ఉండాలి, మిగతా పిల్లలందరూ రిమోట్ పట్టుకున్నవాళ్ల వెనక నిలబడాలి. ప్రొపెల్లర్ తీసేసి ఒకసారి రిమోట్ ఆఫ్ చేసి చూడండి, మోటారు ఆగాలి. ఆగకపోతే రిమోట్‌లో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు ఆపే ఏర్పాటు) సరిచేసేదాకా ఎగరేయొద్దు. థ్రాటిల్ ముప్పావు వంతు పెట్టి వదలండి, పూర్తిగా అక్కర్లేదు. 40, 50 మీటర్ల ఎత్తుకి వెళ్లేదాకా ట్రిమ్ ముట్టుకోవద్దు, స్టిక్‌తోనే తిన్నగా పట్టుకోండి. అక్కడ థ్రాటిల్ సగానికి తగ్గించి, స్టిక్ వదిలి ఒక సెకను చూడాలి. ఎటు పోతే దానికి ఎదురు వైపు రెండు మూడు నొక్కులు. మళ్లీ వదిలి చూడాలి. సగం థ్రాటిల్ దగ్గర తిన్నగా పోయేలా కుదిరాక, ఇంకా ఎత్తులో ఉండగానే థ్రాటిల్ పూర్తిగా పెంచి, తర్వాత పూర్తిగా తగ్గించి చూడండి. పెంచినప్పుడు ఎడమకి పోతే ఎడమ పక్కన ఇంకో వాషర్. పెంచగానే ముక్కు నిటారుగా లేస్తే పైన ఇంకో వాషర్. మెల్లగా ఎక్కితే అది మంచి విమానమే, ముట్టుకోవద్దు. తగ్గించినప్పుడు మెల్లగా ముక్కు వంచి జారాలి.

మలుపులో వేగం తగ్గి ఉండగా స్టిక్ గట్టిగా లాగితే ఒక రెక్క ఎత్తడం మానేసి విమానం ఆ పక్కకి తిరగబడుతుంది. దీన్ని ట్రిమ్ లోపం అనుకుని పొరబడేవాళ్లున్నారు. అప్పుడు లాగడం ఆపి, థ్రాటిల్ పెంచి, వేగం వచ్చాక రెక్కలు సరిచేయాలి. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారు అనిపిస్తాయి కదా, దానికి తేలిక ఉపాయం: ఏ రెక్క కిందికి వాలి కనిపిస్తోందో స్టిక్ ఆ వైపుకే తోయడం.

దిగాక రిమోట్ ఆఫ్ చేయకముందే ఎలివేటర్, ఎయిలరాన్‌లు ఎన్ని మిల్లీమీటర్లు వంగి ఉన్నాయో స్కేలుతో కొలిచి రాసుకోండి. తర్వాత ట్రిమ్ మధ్యకి తెచ్చి, కడ్డీ పొడవు మార్చి పలకల్ని అదే కొలతకి తీసుకురండి. దీంతో ట్రిమ్‌కి రెండు పక్కలా మళ్లీ చోటు మిగులుతుంది, ఎవరైనా పొరపాటున రిమోట్‌లో నొక్కినా ఎక్కడికి తేవాలో తెలుస్తుంది. మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వంపు కావాల్సి వస్తే దాన్ని ఒప్పుకోకండి, ఇంకెక్కడో లోపం ఉంది. వెనక్కి వెళ్లి వెతకండి.

బ్యాటరీ గురించి రెండు మాటలు. టైమర్ ఆరు నిమిషాలకి పెట్టండి. దిగాక ఒక్కో సెల్ 3.7 వోల్టుల దగ్గర ఉంటే బాగున్నట్టు. వారం రోజులు వాడకపోతే 3.8 దగ్గర దాచండి, నిండుగా 4.2 దగ్గర పెట్టి వదిలేయకండి. పడినప్పుడు దెబ్బ తగిలి ఉబ్బిన బ్యాటరీని అసలు ఛార్జ్ చేయొద్దు, ఏ బ్యాటరీనైనా ఛార్జింగ్ పెట్టి గది వదిలి వెళ్లొద్దు. మూడుసార్లు పడింది కాబట్టి మీది ఒకసారి బయటికి తీసి చూడండి.

అనుమతుల సంగతి మీరు అడగలేదు కానీ బడి పేరు ఉంది కాబట్టి చెబుతున్నాను. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా ఉన్న వాటిని వ్యాపారం కోసం కాకుండా ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ మైదానం గ్రీన్ జోన్‌లో (ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో చూసుకోండి, అక్కడ ఎత్తు హద్దు 400 అడుగులు. విమానం ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి. స్థానిక పోలీసులు అప్పుడప్పుడు నిషేధాలు పెడుతుంటారు కాబట్టి స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచితే టెన్షన్ ఉండదు.

చివరిగా, రిమోట్ ఎవరు పట్టుకోవాలన్నది. ఆ అమ్మాయికే ఇవ్వండి. ఎత్తులో ట్రిమ్ నొక్కడానికి కొత్తవాళ్లు స్టిక్ మీద నుంచి వేలు తీస్తారు, కళ్లు కిందికి దించుతారు, ఆ రెండు సెకన్లలోనే విమానం చేయి దాటుతుంది. ఆమె కళ్లు విమానం మీదే ఉండనివ్వండి. మీరు కుడి పక్కన నిలబడండి. ఆమె "ఎడమకి పోతోంది సార్" అంటే మీరు చెయ్యి చాచి ట్రిమ్‌ని కుడికి రెండు నొక్కులు నొక్కండి.